అన్ని ఇండ్ల పిండి

మొన్న మా ఊళ్లో కొత్త చర్చి తెరిచారు. రమ్మని కబురు పెడితే వెళ్లాను. చర్చి అనడం నాకింకా నోరు తిరగదు. మా చిన్నతనంలో దాన్ని ప్రార్థన గుడిసె అనేవాళ్లం, అది గుడిసె కనుక. ఇప్పుడున్నదాని శిఖరం మీద సిలువ ఎంత ఎత్తున ఉందంటే, అటుగా పోయే మబ్బులు కాస్త నడుము వంచి పోవలసిందే. లోపల నున్నటి రాతి నేల, అందులో ఎవరి మొహం వాళ్లకు కనబడుతుంది కనుక తలవంచి ప్రార్థించే వాళ్లంతా తమ జుట్టు సర్దుకుంటున్నారు. పంకాల గాలికి నా పాటల పుస్తకం పేజీలు వాటంతటవే తిరిగిపోతుంటే, మొదటి చరణం ఒక పాటలోదీ, రెండో చరణం ఇంకో పాటలోదీ పాడాను. ఎవరూ గమనించలేదు. మైకు సంగతి చెప్పనే అక్కర్లేదు. పాస్టరు గారు ఒకసారి దగ్గితే తిరుమలగిరి సంతలో ఎడ్లు పలుపులు తెంపుకొని ఉంటాయి.

హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చి, ఆరోగ్యంగా, జీవంతో ఉన్న సంఘానికి గుర్తులేమిటి అనే విషయం మీద మాట్లాడారు. మంచి మాటలే చెప్పారు. ప్రార్థన ఉండాలన్నారు, వాక్యం ఉండాలన్నారు, యువకులు ముందుకు రావాలన్నారు. యువకులు నిజంగానే ముందుకొచ్చి వైర్లు సర్దారు. ఆ తర్వాత ప్రభు బల్ల, అంటే యేసు పేర అందరూ కలిసి రొట్టె తినే ఆచారం. నల్లగొండ బేకరీ నుంచి తెప్పించిన బ్రెడ్డును చీమకు కూడా రెండో ముద్ద కావాలనిపించేంత చిన్న ముక్కలుగా కోసి, మెరిసే పళ్లెంలో తిప్పారు. నేను నా కొంగు చివర ముడిని పట్టుకొని అటూ ఇటూ చూశాను. ఆ ముడిలో పిడికెడు జొన్న పిండి ఉంది. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఎందుకు కట్టుకున్నానో అడిగితే చెప్పలేను. మా ఊరి ప్రభు బల్లకు పోతూ ఉత్త చేతులతో ఎట్లా పోతాం అని చేతులే కట్టేశాయి.

"పిండి ఎవరికియ్యాలె బిడ్డా?" అని పక్కనున్న పిల్లను మెల్లగా అడిగాను.

ఆ పిల్ల నన్నూ, ముడినీ చూసి, "కానుకల డబ్బా గాడుంది ఆంటీ. కని దాంట్ల పిండి పట్టదు," అంది, ఎంతో మర్యాదగా.

అప్పుడు నాకు లూకా తాత గుర్తుకొచ్చాడు.

లూకా తాత మా సంఘ పెద్ద. పట్నం నుంచి పాస్టరు గారు సైకిలు మీద మా ఊరికొచ్చేది వానలు సరిగ్గా పడిన ఏడు మాత్రమే, అంటే దాదాపు రాడనే అర్థం. మిగిలిన కాలమంతా ప్రార్థనకూ, పెళ్లికీ, చావుకూ, గేదె తప్పిపోతే వెతకడానికీ లూకా తాతే దిక్కు. ఆయన మీసాల కింద ఒక కోడి తన పిల్లలతో సహా వానకు తలదాచుకోగలిగేది. ఆయన ప్రార్థనకు లేచి నిలబడినప్పుడు విత్తిన జొన్న, ఆమేన్ అనే సరికి కంకి వేసేదని మా బాపు అనేవాడు. చదువు లేదు. వాక్యం మా బాపు చదివి వినిపిస్తే ఆయన దాన్ని అక్కడే పట్టుకొని వాడ మీదికి మళ్లించేవాడు. బాపు ఆ గుడిసెలోనే వాడ పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. మా గుడిసెకు మట్టి గోడలు, జొన్న చొప్ప కప్పు. ఆదివారం మేకలు కూడా వచ్చేవి. వాటికి వాక్యం మీదకంటే కప్పు మీద ఆసక్తి ఎక్కువ. వాన పడితే తడవని జాగా ఒక్కటే ఉండేది, దాంట్లో వాక్య గ్రంథాన్ని పెట్టి మేమంతా తడిసేవాళ్లం. గంట బదులు విరిగిన నాగలి కర్రు వేలాడేది. శనివారం ఆడవాళ్లు వంతుల వారీగా పేడతో అలికితే, ఆదివారం మా మోకాళ్ల మీద ఆ పచ్చి అలుకు వాసన ఇంటి దాకా వచ్చేది. ఇప్పటికీ నాకు భక్తి అంటే ఆ వాసనే.

నెలకోసారి బల్ల. దానికో పద్ధతి ఉండేది. శనివారం పొద్దు వాలే వేళకు లూకా తాత కొత్త కుండ చంకన పెట్టుకొని ఇంటింటి గడపా తొక్కేవాడు. ప్రతి ఇంటి ఆడమనిషీ తన చేత్తో పిడికెడు జొన్న పిండి అందులో పోయాలి. ఆ కలిసిన పిండితోనే రొట్టె. ఎవరికైనా ఎవరిమీదైనా కోపం ఉంటే, ఆ కుండలో పిండి పొయ్యకుండా నిలబడేది. అంతే, తాత గడప మీద కూలబడేవాడు.

"పిండి పోస్తవా, కత చెప్తవా?"

కతే చెప్పేవాళ్లు. ఎవరి కోడి ఎవరి వడ్లు తిన్నదీ, ఎవరి కోడలు నీళ్ల కాడ ఎవరిని చూసి మూతి తిప్పిందీ. తాత ఆ రెండో మనిషిని అక్కడికే పిలిపించేవాడు. ఇద్దరూ తిట్టుకునే వాళ్లు. ఆ తిట్లు నేను అచ్చు వేయిస్తే ఈ పుస్తకాన్ని మడతపెట్టి అటక మీద దాస్తారు. పొద్దు పోయే సరికి గొంతులు పోయేవి, గొంతుతో పాటు కోపమూ పోయేది, చప్పుడు చెయ్యకుండా పిండి కుండలో పడేది. ఒక్క ఇల్లు పొయ్యకున్నా మర్నాడు బల్ల లేదు. తాతకు ఒకటే మాట, "ఒక్కింటి పిండితోని చేస్తే అది వట్టి తిండి. అన్ని ఇండ్ల పిండి కలిస్తేనే రొట్టె."

ఈ పద్ధతిని ఎక్కువగా వాడుకున్నది మా అవ్వ. పుట్టినప్పుడు నర్సవ్వ, బాప్తిస్మం తీసుకున్నాక రాహేలమ్మ. దేవుడి ముందు రాహేలమ్మ, నీళ్ల కాడ నర్సవ్వ. ఆమెకు ప్రతి నెలా ఎవరో ఒకరి మీద ఫిర్యాదు ఉండేది. లేకపోతే శుక్రవారం నాడే వెతికి తెచ్చుకునేది. ఆమె తిట్టడం మొదలుపెడితే కృష్ణ ఒడ్డున బట్టలుతికే వాళ్లు, అంటే రోజు నడక దూరంలో ఉన్నవాళ్లు, ఎవరినంటోంది అని చెవి ఒగ్గేవాళ్లని ప్రతీతి. మా వాడలో ఆమె తిట్లు పడని మనిషికి లోకంలో గుర్తింపు లేనట్టే లెక్క.

అటువంటి అవ్వ ఒక ఏడాది పాటు ఎవరినీ తిట్టలేదు.

మా చిన్నబాపు సమూయేలు, అవ్వ చిన్న కొడుకు, చచ్చిపోయాక జరిగింది అది. ఆ రోజుల్లో మా వాడంతా దొర గడికి వెట్టి చెయ్యాలి. దొర ఇంట్లో పెళ్లికి కట్టెలు కొట్టాలి, అధికారులు మకాం మారిస్తే సామాన్లు మొయ్యాలి. వంతు వచ్చిన ఇంటినుంచి ఒక మనిషి పోవాలి. ఆ వంతు పిలిచే పని మా వాడవాడే యాకోబుది. పిలవకపోతే ఆయన వీపు పగులుతుంది, పిలిస్తే వాడలో ఆయన మొహం చూసేవాళ్లుండరు. చిన్నబాపుకు జ్వరం ఉన్నప్పుడే మా ఇంటి వంతు వచ్చింది. బాపు ఊళ్లో లేడు. "పిలగానికి ఒళ్లు కాలుతాంది యాకోబు, రేపు పంపుత," అని అవ్వ అంది. యాకోబు గడప అవతల నిలబడి, నేల చూస్తూ, "ఇయ్యాల్నే రమ్మన్నరు అత్తా. నన్నేం చెయ్యమంటవ్," అన్నాడు. చిన్నబాపు లేచి పోయాడు. ఎవరో సర్కారు మనిషి మకాం పెట్టెలు ఎత్తుకొని ఎండలో తిరుమలగిరి దాకా నడిచాడు. బండి మీద తిరిగొచ్చాడు. దవాఖాన మాట ఎత్తేలోపే పోయాడు.

ఆ తర్వాతి శనివారం కుండ మా గడపకు వచ్చినప్పుడు అవ్వ చేతులు కట్టుకొని నిలబడింది.

"కత చెప్పు నర్సీ," అన్నాడు తాత.

"కత లేదు."

"యాకోబును పిలువనా? తిట్టు. కొట్టు. ఆడు గూడ గదే అంటాండు."

"ఆన్ని తిడితే నా కొడుకు లేచొస్తడా. నా పిండి ఆని ఇంటి పిండితోని కలువది లూకా. పో."

తాత పోయాడు. బల్ల లేదు. తర్వాతి నెలా లేదు. అవ్వ ప్రతి ఆదివారం గుడిసెకు వచ్చేది, తలుపు పక్కన కూర్చొనేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. యాకోబు అసలు లోపలికే వచ్చేవాడు కాదు. చూరు కింద, బయట, మోకాళ్లు పట్టుకొని కూర్చొనేవాడు. లోపల యాకోబు పెళ్లాం శాంతమ్మ, తన నీడ ఎవరికైనా తగులుతుందేమో అన్నట్టు మూలకు ముడుచుకుని ఉండేది. మిగిలిన వాడ మీద కూడా ఏదో తెగులు పడ్డట్టు ఉండేది. పాటలు సన్నబడ్డాయి. కొందరు రావడం మానేశారు. విచిత్రం, అవ్వ తిట్లు ఆగితే అందరికీ హాయిగా ఉండాలి కదా. నీళ్ల కాడ ఆడవాళ్లు ఆమెను కావాలని తగిలి, బిందె దొర్లించి, కోడిని ఆమె వాకిట్లోకి తోలి చూశారు. ఆమె కోడిని బయటికి తోలి లోపలికి పోయింది. ఆ రోజు మా వాడలో చాలామంది ఆడవాళ్లు ఏడ్చారు.

లూకా తాత మీద కూడా కోపాలు మొదలయ్యాయి. "ముసలామె ఒక్కతి కోసం అందరి నోరు కడుతవా తాతా?" అని మొహం మీదే అడిగారు. తాత మీసాలు దువ్వుకునేవాడు. ఆయన ప్రార్థనలు మాత్రం కురచబడ్డాయి. ఆమేన్ అనే సరికి జొన్న మొలక కూడా వచ్చేది కాదు.

అటువంటప్పుడు ఎస్తేరమ్మ మంచం పట్టింది. మా వాడలో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్న ముసలమ్మ, అవ్వకు చిన్ననాటి జత. పచ్చి మిరపకాయ నంజుకుని జొన్న గటక తిన్న మనిషికి జావ కూడా దిగడం మానేసింది. చూడబోయిన వాళ్లందరితో ఒకటే మాట, "పోయేలోపు ఒక్కసారి బల్ల కాడ రొట్టె తినిపియ్యిండ్రి." ఆ మాట మా ఇంటికీ వచ్చింది. అవ్వ విని, జొన్నలు చెరుగుతున్న చాట కింద పెట్టి, మళ్లీ ఎత్తుకుంది.

ఆ శనివారం కుండ వచ్చేసరికి అవ్వ చేనులో ఉంది. అమ్మ ఒక్కతే ఇంట్లో. ఆమె గడప దాటి అటూ ఇటూ చూసి, గబగబా పిండి తెచ్చి కుండలో పోసింది.

"మీ అత్త పిండేనా బిడ్డా?" అన్నాడు తాత.

"మా ఇంట్ల పిండే గద తాతా," అంది అమ్మ.

అబద్ధం కాదు. ఆయన కూడా ఇంకో ప్రశ్న అడగలేదు. ఏడాదిగా ఆ బరువు మోసిన మనిషి, ఆ ఒక్కసారి మోసపోవడానికి సిద్ధంగా ఉన్నాడేమోనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున కర్రు మోగిన తీరుకే తెలిసింది, బల్ల ఉందని. మానేసిన వాళ్లంతా వచ్చారు. గుడిసె ఎంత నిండిందంటే, మేకలకు జాగా దొరక్క అవి అవమానంతో వెళ్లిపోయాయి. ఎస్తేరమ్మను నులక మంచంతో సహా మోసుకొచ్చి ముందు పెట్టారు. పళ్లెం మీద తెల్ల గుడ్డ, దాని కింద బండి చక్రమంత రొట్టె, పక్కన ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన రసం. తాత ప్రార్థన చేశాడు. గుడ్డ తీశాడు. రొట్టె రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఆగు లూకా," అంది అవ్వ, తలుపు దగ్గర లేచి నిలబడి. "ఆ రొట్టెల నా పిండి లేదు."

 అమ్మ తల మోకాళ్లలోకి పోయింది. "నేనే పోసిన అత్తా. ఎస్తేరవ్వ అడుగుతాందని పోసిన," అన్న మాట కొంగులోంచి వచ్చింది.

"ఒక్క ఇంట్ల పిండేనాయె," అన్నాడు వెనకనుంచి ఒకడు. "అత్త పోస్తేంది, కోడలు పోస్తేంది? ముసల్ది పోతాంది తాతా, పంచెయ్యి."

 తాత ముందు మంచం ఉంది, వెనక ఆయన ఏడాది కాపాడిన మాట ఉంది. ఎటు చూసినా తప్పే కనబడుతుంది. "పిండి అదే," అన్నాడు చివరికి, "చెయ్యి వేరే." రొట్టెను పళ్లెంలో పెట్టేశాడు. వాడంతా ఒక్కసారి నిట్టూర్చింది. అది ఆయనను చీత్కరించినట్టే ఉంది.

అప్పుడు మంచం మీంచి ఎస్తేరమ్మ మాట్లాడింది. గొంతు పిట్ట గొంతంత ఉంది.

"నర్సీ. నాకు తొందరేం లేదు. నువ్వు పోసినంకనే తింట. వట్టి తిండికైతే గీడిదాక మోయించుకుంటనా, ఇంట్ల జావ లేదా."

 అవ్వ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అయిపోయింది అనుకున్నాం. ఒకరిద్దరు లేచి తువ్వాళ్లు దులుపుకున్నారు కూడా. గుడిసెకు ఎదురుగానే మా ఇల్లు. అక్కణ్నుంచి ఇసుర్రాయి చప్పుడు వినబడింది. లేచిన వాళ్లు కూర్చున్నారు.

ఇసుర్రాయి ఇద్దరు ఆడవాళ్ల పని. ఎదురెదురుగా కూర్చొని ఒకే పిడి పట్టుకుంటే రాయి పాట పాడినట్టు తిరుగుతుంది. ఒక్కరే తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఆ రోజు అట్లా ఆగుతూ ఆగుతూ, మూలిగినట్టు తిరుగుతోంది. అమ్మ లేవబోయింది. తాత చేత్తో కూర్చోమన్నాడు. కుండలో మిగిలిన పిండిని చూస్తూ, ఎవరినీ చూడకుండా, "గీ కుండ ఆడికి పోవాలె," అన్నాడు.

శాంతమ్మ మూలనుంచి లేచింది. కుండ ఎత్తుకొని బయటికి పోయింది. చూరు కింద ఉన్న మొగుణ్ని దాటి, బాట దాటి, మా ఇంట్లోకి వెళ్లింది.

రాయి ఆగింది.

అది ఆగిన కాలంలో నేను పెరిగి పెద్దదాన్నై, పెళ్లి చేసుకొని, ముసలిదాన్నయ్యానని నాకు అనిపించింది. ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని ఉంది. మా బాపు వంగి ఆమె ఊపిరి చూసి తల ఊపాడు. తర్వాత రాయి మళ్లీ కదిలింది, ఈసారి ఆగకుండా. ఆ చప్పుడు మీంచి, ఏడాది తుప్పు పట్టిన గొంతు ఒకటి లేచింది.

"జర మెల్లగ తిప్పు. గడిల ఇసురుతున్ననుకున్నవా? నీకు నీ అత్త ఇసురుడు నేర్పలే, మూతి తిప్పుడు నేర్పింది."

లూకా తాత మీసాల కింద ఏదో కదిలింది. "తిట్టింది," అన్నాడు. "ఇగ రొట్టె అయితది."

కాసేపటికి అవ్వ వేడి రొట్టె గుడ్డలో పట్టుకొని వచ్చింది. వెనకాల శాంతమ్మ, మొహం నిండా పిండి, పిండి మీద కన్నీళ్ల చారలు. చూరు కింద యాకోబు దగ్గర అవ్వ ఆగింది.

"లెవ్వు," అంది. "లోపలికి రా. నిన్ను చూస్తే నా కొడుకు యాదికొస్తడు. నువ్వు రాకుంటే ఇంకెక్కువ యాదికొస్తాండు."

ఆయన వచ్చాడు. ఎస్తేరమ్మ చిటికెడంత రొట్టె చప్పరించి, ఉప్పు తక్కువైందని అంది. ఆ వారమే పోయింది. మొదటి రొట్టెను తాత పిల్లలమైన మాకు పంచేశాడు, అది వట్టి తిండి గనుక.

దాంతో లోకం బాగుపడలేదు. గడి గడిలాగే ఉంది, నిజాం రాజు రాజ్యమేలుతూనే ఉన్నాడు, మర్నాడు యాకోబు మళ్లీ వంతు పిలవడానికి బయల్దేరాడు. అవ్వ జీవితాంతం యాకోబు మొహం వంక సూటిగా చూడలేదు. కాని వంతు వచ్చిన ఇంట్లో జ్వరం ఉంటే, పక్కింటివాడు లేచి తువ్వాలు తలకు చుట్టుకొని పోవడం మొదలైంది. ఎవరూ లేవకపోతే యాకోబే పెట్టె ఎత్తుకునేవాడు. దీని మీద సంఘం తీర్మానమేదీ చెయ్యలేదు. అవ్వ, శాంతమ్మ తర్వాతి నెలనుంచి కోడి గురించి తిట్టుకున్నారు. వాడ హాయిగా ఊపిరి తీసుకుంది.

కొత్త చర్చి గుమ్మం దగ్గర పాస్టరు గారు నన్ను పలకరించారు. చిన్నవాడు, మంచివాడు, చెమటపట్టేలా తిరుగుతున్నాడు. "ఎట్లుందమ్మా మన సంఘం?"

"బాగుంది నాయినా. ఎవరన్న కొట్లాడుకుంటరా?"

"అయ్యో, లేదమ్మా. దేవుని దయవల్ల ఎవరికీ ఎవరితోని పంచాయితీ లేదు."

"నాకు ఇంకో పక్కన జాగా ఒకటి ఖాళీగుండె. గాడ ఎవరు కూసుంటరు?"

ఆయన వెనక్కి తిరిగి వరుసల వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. "కనుక్కుంటనమ్మా," అన్నాడు. ఆయన మొహంలో మొదటిసారి కాస్త దిగులు కనిపించింది. నాకు ఆయన మీద అప్పుడే ఆశ కలిగింది.

బస్సు దిగి ఇంటికి వచ్చాక కొంగు ముడి విప్పాను. పారేయబుద్ధి కాలేదు. నీళ్లు మరగబెట్టి, పిండి కలిపి, తట్టి, పెనం మీద వేశాను. నా చేతి మహిమ గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, అది పున్నమి చంద్రుడికి ఈర్ష్య పుట్టేంత గుండ్రంగా వచ్చింది, బూరెలా పొంగింది. మిరపకాయ నూరి నంజుకున్నాను.

తిండి బాగానే ఉంది.